మాటలతో డిప్రెషన్ తగ్గుతుందా?

ప్రశ్న: మావారి వయసు 46. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తారు. రెండు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నారు. తిండి తగ్గింది. 'నా వల్ల అందరికీ బరువే' అంటున్నారు. డాక్టరు గారు డిప్రెషన్ అని మందులు రాసి, కౌన్సెలింగ్‌కు కూడా వెళ్లమన్నారు. 'మాటలతో జబ్బు తగ్గుతుందా' అంటూ ఈయన రానంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీరు రాసిన వాటిలో నిద్ర కంటే ముందుగా పట్టించుకోవలసింది 'అందరికీ బరువే' అన్న మాట. చనిపోవాలనిపిస్తోందా అని ఆయనను నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా, పురుగుమందులు, మిగిలిన మాత్రలు అందకుండా తీసేసి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

దిగులు, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి చెడిపోవడం వంటివి రెండు వారాలకు మించి రోజూ ఉంటూ పనికి అడ్డుపడుతుంటే దానిని డిప్రెషన్‌గా అనుమానిస్తాం. థైరాయిడ్ లోపంలోనూ ఇలాంటి నీరసమే ఉంటుంది కాబట్టి ఆ పరీక్ష చేయించకపోతే చేయించండి.

ఇక ఆయన సందేహం సహజమైనదే, ఎందుకంటే కౌన్సెలింగ్ అంటే 'గుండె దిటవు చేసుకో' అని చెప్పడమేనని చాలామంది అనుకుంటారు. ఆ మాట బంధువులు ఇప్పటికే పదిసార్లు చెప్పి ఉంటారు, దానివల్ల ఆయన అపరాధ భావం పెరిగి ఉంటుందే తప్ప తగ్గి ఉండదు. ఆరన్ బెక్ అనే అమెరికా సైకియాట్రిస్టు 1960లలో రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే కౌన్సెలింగ్ పద్ధతి, ఓదార్పు కాదు, ఒక సాధన. ఉదాహరణకు, 'నిన్న ఒక బిల్లులో అంకె తప్పు రాశాను, నేను దేనికీ పనికిరాను' అని ఆయన అన్నారనుకోండి. థెరపిస్టు దానిని కొట్టిపారేయరు. ఆ రెండు ముక్కలనూ కాగితం మీద విడివిడిగా రాయించి, మొదటిది జరిగిన విషయమా, రెండోదానికి రుజువేమిటి, ఇన్నేళ్లలో సరిగ్గా తేలిన లెక్కలెన్ని అని ఆయన చేతనే చెప్పిస్తారు. లెక్కలు రాసే మనిషికి ఈ పద్ధతి తొందరగానే పట్టుబడుతుందని నా నమ్మకం. దానితోపాటు ఉదయం పావుగంట నడక, మాట్లాడడం మానేసిన ఒక స్నేహితుడికి ఫోన్ వంటి చిన్న పనులు ఇస్తారు. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని కూర్చుంటే ఆ ఉత్సాహం రాదు, పని మొదలుపెట్టాకే కొద్దికొద్దిగా వస్తుంది.

సాధారణంగా వారానికొకసారి, ముప్పావుగంట నుంచి గంట చొప్పున 12 నుంచి 20 సార్లు వెళ్లవలసి ఉంటుంది. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, కాస్త తేలికపడగానే సొంతంగా ఆపకూడదు. డిప్రెషన్ తీవ్రంగా ఉన్నవారిలో మందులు, థెరపీ రెండూ కలిస్తేనే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

జబ్బు తగ్గుతుందా లేదా అన్న వాదన పెట్టుకోకుండా, 'మూడు వారాలు వెళ్లి చూద్దాం, నేనూ వస్తాను' అనండి. యార్డుకు సెలవున్న రోజు అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఆయన మూడింటికి లేచిన రోజులు, తిన్నది, అన్న మాటలు ఒక చీటీ మీద రాసి తీసుకెళ్లండి.