బండి వేడెక్కుతోందా, రేడియేటర్ మార్చే ముందు ఇవి చూడు అల్లుడూ

అల్లుడూ,

నీ మెసేజ్ చదివాను. మీ నాన్నగారి మారుతి 800 వేడెక్కుతోందని, గ్యారేజీలో చూడగానే కొత్త రేడియేటర్ వేయాలన్నారని రాశావు. వేయాల్సి రావచ్చు, కాదనను. కానీ ఏదీ ఊడదీసి చూడకుండానే ఆ మాట అనడం నాకు నచ్చలేదు. ఇంజిన్ నీళ్లని చల్లబరిచే ఆ రేడియేటర్ చుట్టూ క్యాప్, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీళ్లని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు), హోస్‌లు అంటే రబ్బరు పైపులు, ఫ్యాన్, దాని స్విచ్ ఉంటాయి. వీటిలో ఏది చెడినా డాష్‌బోర్డు మీద వేడి చూపించే ముల్లు పైకే పోతుంది, వీటిలో చాలావరకు రేడియేటర్ కంటే బాగా చవక.

అన్నిటికంటే ముందు ఒకటి గట్టిగా చెప్తున్నా. ముల్లు ఎరుపు దగ్గరికి వస్తే బండి పక్కకి తీసి ఆపెయ్. ఇంకో రెండు కిలోమీటర్లే కదా, ఇంటికెళ్లి చూసుకుందాం అనుకోకు. ఆ ఇంజిన్ హెడ్, అంటే పై భాగం, అల్యూమినియంది, వేడికి వంగిపోతుంది, దాని కింద అతుకులో ఉండే హెడ్ గాస్కెట్ పోతుంది, అప్పుడు ఇంజిన్ పని చేయించాల్సి వస్తుంది, ఆ ఖర్చు ముందు రేడియేటర్ ఖర్చు ఏపాటి. ఆపే చోటు దొరికేదాకా ఏసీ కట్టేసి, హీటర్ ఫుల్‌గా పెట్టి, అద్దాలు దించుకో. మే నెల ఖమ్మం ఎండలో భరించడం కష్టమే, కానీ ఇంజిన్ వేడి కొంత అటు లాగేస్తుంది.

ఆపాక క్యాప్ జోలికి పోకు. లోపల నీళ్లు ప్రెషర్‌లో ఉంటాయి కాబట్టి 100 డిగ్రీలు దాటినా మరగవు, 0.9 కేజీల ప్రెషర్ ఆపే క్యాప్ మీద దాదాపు 118 దాకా అలాగే ఉంటాయి. నువ్వు క్యాప్ తిప్పగానే ప్రెషర్ పోయి, ఆ నీళ్లు భగ్గున ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. ఆటోనగర్‌లో నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లాడికీ స్పానర్ చేతికిచ్చే ముందు ఇదే చెప్పేవాణ్ణి. కనీసం ముప్పావుగంట ఆగు. పై హోస్ నొక్కితే మెత్తగా ఉండాలి, అప్పుడు మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పు. ఇంజిన్ కాగుతుండగా చన్నీళ్లు పోయొద్దు, హెడ్ పగులుతుంది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఎప్పుడు వేడెక్కుతోందో నువ్వు రాయలేదు, నాకు కావాల్సింది అదే. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు ముల్లు లేచి, హైవే ఎక్కగానే దిగుతుంటే ముందు ఫ్యాన్‌ని అనుమానించు. రోడ్డు మీద గాలి తగులుతుంటే చల్లబడుతోందంటే రేడియేటర్ ఎంతో కొంత పని చేస్తున్నట్టే. ఊళ్లో బాగానే ఉండి, హైవే మీద స్పీడు పెరిగేకొద్దీ, ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కుతుంటే నీళ్లు సరిగ్గా తిరగడం లేదని, అంటే లోపల గార కట్టిందనో, థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటోందనో, వాటర్ పంపు బెల్టు వదులైందనో అనుకోవాలి.

రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ బాటిల్లో నీళ్లున్నాయి కదా అని నమ్మకు. ఇంజిన్ చల్లారేటప్పుడు బాటిల్లోని నీళ్లని వెనక్కి పీల్చుకునేది క్యాప్‌లో ఉండే చిన్న వాల్వు, అది పాడైతే బాటిల్ నిండుగా కనిపిస్తుంది, రేడియేటర్ మాత్రం సగం ఖాళీ. పొద్దున్నే, బండి తీయకముందు క్యాప్ విప్పి లోపల చూడు. క్యాప్ రబ్బరు ఎండి పగిలి ఉంటే ముందు క్యాప్ మార్చు, అదే ప్రెషర్‌ది తీసుకో.

క్యాప్ విప్పే ఉంది కదా, అలాగే స్టార్ట్ చేసి ఒక నిమిషం చూడు. బుడగలు ఆగకుండా వస్తుంటే గాస్కెట్ పోయి గ్యాస్ నీళ్లలోకి వస్తోందని అనుమానం. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అది దాదాపు ఖాయం. అలాంటప్పుడు ఎన్ని రేడియేటర్లు మార్చినా లాభం లేదు, డబ్బు అటు పెట్టకు.

ఇంకో రెండు అలవాట్లు ఉన్నాయి మన మెకానిక్కుల్లో, రెండూ నాకు పడవు. ఒకటి, వేడెక్కుతోందనగానే థర్మోస్టాట్ తీసి పడేయడం. అది లేకపోతే ఇంజిన్ పనిచేయాల్సిన వేడికి తొందరగా రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది. పనిచేస్తోందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. దారం కట్టి గిన్నెలో నీళ్లలో వేలాడదీసి స్టవ్ మీద పెట్టు, 82 డిగ్రీల దగ్గర్లో, అంటే నీళ్లు మరగడానికి బాగా ముందే తెరుచుకోవడం మొదలవ్వాలి. రెండోది, ఫ్యాన్‌ని డైరెక్ట్ చేయడం, అంటే స్విచ్‌తో పని లేకుండా ఎప్పుడూ తిరిగేలా వైరు కలిపేయడం. దారిలో ఆగిపోతే ఇల్లు చేరడానికి సరే, కానీ దాన్నే రిపేరు అనుకుని వదిలేస్తే మోటారు తొందరగా పోతుంది. వేడిని బట్టి ఫ్యాన్‌ని తిప్పే థర్మో స్విచ్ మార్చుకుంటే సరిపోయేదానికి అంత అవసరం లేదు. వైర్లు తిప్పి కలిపారేమో కూడా చూడు, ఫ్యాన్ గాలి ఇంజిన్ వైపు రావాలి, బయటికి తోస్తుంటే ముందు నుంచి వచ్చే గాలికి అదే అడ్డం.

ఇవన్నీ బాగుంటే అప్పుడు రేడియేటర్ దగ్గరికి రా. బ్యాటరీ వైరు తీసేసి (వేడి మీద ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త), రేడియేటర్ గొట్టాల మధ్య ఉండే సన్నని రేకు రెక్కల్ని గోరుతో గీకి చూడు. పొడిపొడిగా రాలితే అది అయిపోయినట్టే. ఎక్కడా కారకపోయినా ఆ రెక్కలు గొట్టాల్ని వదిలేసి ఉంటాయి, నీళ్లలోని వేడి గాలికి చేరదు. పురుగులు, దుమ్ము పట్టి మూసుకుపోతే మాత్రం ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపుతో కడుగు. సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు మడతపడిపోతాయి.

రిపేరా, కొత్తదా అన్నది అది దేంతో చేసిందో చూసి చెప్పాలి. రాగి, ఇత్తడితో చేసిన పాత రకమైతే రేడియేటర్ షాపులో ట్యాంకులు విప్పి, గొట్టాల్లో సన్నని కడ్డీలు దూర్చి గార తీస్తారు, కారేచోట టంకం పెడతారు, గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తారు. రెక్కలు గట్టిగా ఉంటే ఆ పని నిక్షేపంగా చేయించు, అలాంటి సరుకు ఇప్పుడు దొరకడం కష్టం. అల్యూమినియం కోర్‌కి, అంటే గొట్టాలూ రెక్కలూ ఉండే మధ్య భాగానికి, ప్లాస్టిక్ ట్యాంకులు బిగించినదైతే, అతుకు దగ్గర చీలాక ఏ ముద్ద పూసినా నాలుగు రోజులే, అప్పుడు ఆలోచించకుండా కొత్తది వెయ్. కారడం ఆగడానికి లారీ వాళ్లు రేడియేటర్‌లో పసుపు వేస్తారని నీకు ఎవరో చెప్పే ఉంటారు. అది కారే చోటుతో పాటు మంచి గొట్టాల్నీ, హీటర్‌నీ మూసేస్తుంది, వద్దు.

కొత్తది వేసేటప్పుడు హోస్‌లు, క్లిప్పులు, క్యాప్, థర్మోస్టాట్ కూడా మార్పించు. వాటి కోసం మళ్లీ నీళ్లన్నీ దించాలంటే పని, కూలీ రెండూ దండగ. ఏసీ ఉంటే రేడియేటర్ ముందున్న ఏసీ కండెన్సర్ పైపులు వంచకుండా చూడమను. పాత కూలెంట్ (రేడియేటర్ నీళ్లలో కలిపే మందు) తొట్టిలో పట్టు, రోడ్డు మీద వదలకు, అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకి చచ్చిపోతాయి, పిల్లలకీ ప్రమాదమే.

మీ బోరు నీళ్లు మాత్రం పోయకు అల్లుడూ, ఆ గార అంతా అందులోంచి వచ్చిందే. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలుపు. మనకి మంచు పడదు కదా కూలెంట్ ఎందుకంటారు, హెడ్ లోపల తుప్పు పట్టకుండా కాపాడేది అదే. అలాగని ఉత్త కూలెంట్ కూడా పోయకూడదు, వేడిని మోయడంలో నీళ్లే మేలు. హీటర్ వేడి వైపు పెట్టి మెల్లగా పోస్తూ, క్యాప్ లేకుండా ఇంజిన్ నడపనివ్వు. పై హోస్ వెచ్చబడి లోపల మట్టం ఒక్కసారి దిగుతుంది, లోపలి గాలి పోయిందన్నమాట, మళ్లీ నింపి క్యాప్ పెట్టెయ్. ఈ గాలి తీయకపోవడం వల్లే కొత్త రేడియేటర్ వేసినా బండి వేడెక్కుతోందని చాలామంది తిరిగొస్తారు.

శ్రీశైలం ప్రయాణం వచ్చే వారం అన్నావు, దాన్ని ఇంకో వారం జరుపు. మన్ననూరు దాటాక అడవిలో చాలాచోట్ల సిగ్నల్ అందదు, మెకానిక్ దొరకడం కష్టం, అమ్మానాన్నల్ని ఆ ఘాట్‌లో నిలబెట్టకూడదు. పని అయ్యాక ఏసీ వేసి సూర్యాపేట దాకా వెళ్లి రా, మర్నాడు పొద్దున క్యాప్ విప్పి మట్టం చూసి నాకు ఫోన్ చెయ్. ఈలోగా ట్రాఫిక్‌లో వేడెక్కుతోందా, హైవే మీదా అన్నది ఈ రాత్రికే రాయి.

మీ మామయ్య