మా అమ్మాయి లావుగా ఉందని మూడు సంబంధాలు తప్పిపోయాయి

ప్రశ్న: మేడమ్, మాది తెనాలి దగ్గర ఊరు. మా అమ్మాయికి 26 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే జబ్బు) ఉందని డాక్టరుగారు చెప్పారు. ఏడాదిలో మూడు సంబంధాలు చూపుల దాకా వచ్చి తప్పిపోయాయి. మొన్నటి వాళ్లయితే ‘ఫొటోలో ఉన్నట్టు లేదు, పిల్ల బాగా లావు’ అని మధ్యవర్తితో చెప్పించారు. మాకు మొదట్నుంచీ టెన్షనే. నేను తన మంచికే చెబుతుంటే ‘నా ఒళ్లు నా ఇష్టం’ అని తలుపు వేసుకుంటుంది. రాత్రి ఏమీ తిననంటుంది, తెల్లారేసరికి జంతికల డబ్బా ఖాళీ. ఈమధ్య అన్నం తినగానే బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని చాలాసేపు రావడం లేదు. ఎందుకో అడిగితే ఏడుస్తుంది. నా పెళ్లప్పుడు నేను 42 కిలోలు. అత్తగారు ‘పుల్లలా ఉంది’ అన్నారని మా అమ్మ మూడు నెలలు రోజూ పాలల్లో పచ్చిగుడ్డు కొట్టి తాగించింది. వాంతయినా వదిలేది కాదు. నేను కాదనకుండా తాగాను. ఈ కాలం పిల్లలు మాట వినరు. మా తోడికోడలి చెల్లెలి కూతురు బరువు తగ్గే ఇంజెక్షన్ వేసుకుని 12 కిలోలు తగ్గిందట. మాఘమాసం లోపల మా అమ్మాయికీ వేయించమంటారా?

జవాబు: అమ్మా, మీరు ఇంజెక్షన్ గురించి అడిగారు గానీ నేను ముందు కుళాయి గురించి మాట్లాడతాను. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అదే.

రాత్రి తినకుండా పడుకోవడం, ఆకలికి ఆగలేక అర్ధరాత్రి డబ్బా ఖాళీ చేయడం, తిన్నందుకు సిగ్గుపడటం, తిన్నాక కుళాయి తిప్పుకుని బాత్రూంలో ఉండిపోవడం, వీటన్నిటినీ కలిపి చూస్తే మీ అమ్మాయి తిన్నది బయటికి కక్కేస్తోందేమో అనిపిస్తోంది. ఇంత దూరం నుంచి నేను అదేనని తేల్చలేను, కానీ తేలిగ్గా తీసుకోవద్దు. దీన్ని బులీమియా అంటారు, ఇది జబ్బు. బక్కగా ఉన్న పిల్లలకే వస్తుందని చాలామంది అనుకుంటారు, అది తప్పు. లావుగా ఉన్నవాళ్లకీ వస్తుంది, మామూలు బరువున్నవాళ్లకీ వస్తుంది, అందుకే ఇంట్లోవాళ్లు పోల్చుకోలేరు. పదేపదే కక్కుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోతుంది, దాంతో గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కడుపులోని ఆమ్లం తగిలి పళ్ల మీది ఎనామిల్ అరిగిపోతుంది. పెళ్లిచూపులన్నీ పక్కనపెట్టి ముందు చూడాల్సింది ఇదే.

అలాగని బాత్రూం తలుపు దగ్గర నిలబడి పట్టుకోవద్దు. ‘నీకోసం ఇంత చేస్తుంటే నువ్వు చేస్తున్నది ఇదా’ అని అస్సలు అనొద్దు. అన్నం వేళ కాకుండా, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు పక్కన కూర్చుని ‘తిన్నాక నీకు బాధగా ఉంటోందా నాన్నా? నేను నిన్ను తిట్టను, ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరకెళ్దాం’ అంటే చాలు. ఆ రోజే ఒప్పుకోకపోవచ్చు, నాలుగు రోజులాగి మళ్లీ అడగండి. చూపించాల్సింది సైకియాట్రిస్ట్‌కి. ఆ మాట వినగానే మీవాళ్లు ఉలిక్కిపడతారని తెలుసు, ఉలిక్కిపడినా ఫరవాలేదు. ముందు ఫోన్లో మాట్లాడాలనిపిస్తే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ అనే హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 14416. 24 గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అమ్మాయి చేయకపోతే మీరే చేసి, ఎలా మాట్లాడాలో అడగండి. ఈలోగా కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడగా ఉందన్నా, వాంతిలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇప్పుడు మీ పాలగ్లాసు.

మీరు ఆ సంగతి పిల్లల మొండితనం గురించి చెబుతూ మాటవరసకి రాశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. పెళ్లి కుదిరిన పిల్లకి ఒళ్లు చేయాలని వాంతయ్యేదాకా తాగించారు. ఇప్పుడు అదే ఇంట్లో, పెళ్లి కుదరాలంటే ఒళ్లు తగ్గాలన్న దిగులుతో ఆ పిల్ల కూతురు తిన్నది కక్కుతోందేమోనని మనం భయపడుతున్నాం. మీకు అప్పుడు ఎలా అనిపించిందో రాయలేదు, ‘కాదనకుండా తాగాను’ అని మాత్రం రాశారు. అత్తగారి ఒక్క మాటకి మూడు నెలలు అలా తాగిన అమ్మాయి బాధ మీకు గుర్తులేదంటే నేను నమ్మను.

మన అమ్మమ్మల కాలంలో తిండి కరువు. క్షయ వస్తే మనిషి చిక్కి శల్యమైపోయేవాడు. పిల్ల బక్కగా ఉంటే ఒంట్లో ఏదో ఉందనో, ఇంట్లో ఏమీ లేదనో అనుకునేవారు. పుష్టిగా ఉంటే కలిగినవాళ్ల పిల్ల. ‘ఒళ్లు చేశావే’ అంటే మెచ్చుకోలు, ‘చిక్కిపోయావే’ అంటే జాలి. సావిత్రి తెర మీద వెలిగిన రోజుల్లో నిండుగా ఉన్న మనిషినే జనం అందగత్తె అన్నారు. తర్వాత బియ్యం, నూనె, పంచదార అందరికీ అందుబాటులోకి వచ్చాయి, ఒళ్లు వంచి చేసే పని తగ్గింది, కుర్చీలో కూర్చుని పది గంటలు చేసే ఉద్యోగాలొచ్చాయి. ఒళ్లు రావడం తేలికైపోయి, సన్నగా ఉండటానికి తీరికా డబ్బూ కావాల్సొచ్చింది. ఏది అందరికీ దొరకదో దాన్నే అందం అనడం మొదలుపెట్టాం. మీ ఒళ్లు మీ అత్తగారికి చాల్లేదు, మీ అమ్మాయి ఒళ్లు ఆ మూడిళ్లవాళ్లకి ఎక్కువైంది.

ఫిజీ దీవుల్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. అక్కడ బొద్దుగా ఉన్న మనిషంటే గౌరవం, ఎవరైనా చిక్కిపోతే ఇంటిల్లిపాదీ కంగారుపడి తినిపించేవాళ్లు. నద్రోగా అనే ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు ఆ ఏడాదీ, మళ్లీ 1998లోనూ అక్కడి హైస్కూలు ఆడపిల్లలతో మాట్లాడారు. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకుంటున్నామన్న పిల్లలు మొదటిసారి ఒక్కరూ లేరు, మూడేళ్ల తర్వాత నూటికి 11 మంది దాకా ఉన్నారు. తెర మీద కనిపించే ఒళ్లు మారితే మూడేళ్లలో పిల్లల తిండి మారిపోయింది. మీ అమ్మాయి చేతిలో ఫోన్ ఉంది, తలుపు అవతల మీరున్నారు, మధ్యవర్తి మాటలున్నాయి.

ఇంజెక్షన్ విషయానికొస్తే, మీరు విన్నది బహుశా టిర్జెపటైడ్ గానీ సెమాగ్లూటైడ్ గానీ అయుంటుంది. మౌంజారో అనే పేరుతో మొదటిది 2025 మార్చిలో, వెగోవీ అనే పేరుతో రెండోది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. మంచి మందులే. అవి వేసుకున్నవాళ్లని ‘కష్టపడకుండా తగ్గింది’ అని ఎగతాళి చేసేవాళ్లతో నేను ఏకీభవించను, షుగర్‌కి మందు వాడితే ఎవరం తప్పుపట్టం కదా. కానీ మీ అమ్మాయి విషయంలో మీరు గానీ నేను గానీ తేల్చేది కాదు. వికారం, వాంతులు ఈ మందుల్లో ఎక్కువగా కనిపించే ఇబ్బందులు. తిన్నాక బాత్రూంలో ఏం జరుగుతోందో తెలియకుండా ఈ మందు మొదలుపెట్టడం ప్రమాదం, డాక్టరుకి ఆ సంగతి దాచడం ఇంకా ప్రమాదం. పైగా మందు ఆపేస్తే తగ్గిన బరువులో చాలా భాగం మళ్లీ వస్తుంది, అది మాఘమాసం దాకా వేయించి మానేసే మందు కాదు. గర్భంతో ఉన్నప్పుడు వాడకూడదు, సెమాగ్లూటైడ్ అయితే గర్భానికి కనీసం రెండు నెలల ముందే ఆపేయాలి. పెళ్లికి ముందు వేయించి, పెళ్లవగానే ‘విశేషం ఏమైనా ఉందా’ అని అడిగే ఇళ్లు మనవి, ఇది గుర్తుపెట్టుకోండి. సైకియాట్రిస్ట్ చూశాక, ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టరు) అవసరమని చెబితే, అమ్మాయి సరేనంటే, అప్పుడు ఆలోచించండి.

‘నా ఒళ్లు నా ఇష్టం’ అన్న మాట మీకు కోపం తెప్పించింది. ఆ మాటలో నిజముంది. లావుగా ఉన్నంత మాత్రాన ఎవరూ ఎవరి దగ్గరా తలదించుకోనక్కర్లేదు, ఈ తరం పిల్లలు దీన్ని గట్టిగా చెప్పడం నాకు సంతోషం. అదే సమయంలో పీసీఓఎస్‌ని వదిలేయకూడదు, అది నెలసరినీ, ముందుముందు షుగర్ వచ్చే అవకాశాన్నీ ప్రభావితం చేస్తుంది. ఈ జబ్బున్న చాలామందిలో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, బరువు తేలిగ్గా పెరుగుతుంది, తగ్గడం కష్టం. అది బద్ధకం కాదు. ఉన్న బరువులో నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గినా నెలసరి చక్కబడే అవకాశం బాగా ఉంటుంది. మీ అమ్మాయికి అది సుమారు 4 నుంచి 7.5 కిలోలు. డాక్టరుకి అంతే చాలు, మధ్యవర్తికైతే అమ్మాయి 20 కిలోలు తగ్గితే గానీ చాలదు. ఈ రెండు లెక్కలూ మీ ఇంట్లో కలిసిపోయాయి, అందుకే మీరు ఆరోగ్యం అన్నా ఆ పిల్లకి పెళ్లిచూపులనే వినబడుతోంది. వాంతుల సంగతి తేలేదాకా బరువు తగ్గించే ప్రయత్నమేదీ ఇంట్లో సొంతంగా మొదలుపెట్టొద్దు. రాత్రి భోజనం మానడం ముందు ఆగాలి, ఆకలితో పడుకున్న మనిషి అర్ధరాత్రి జంతికల డబ్బా తెరవడం తిండిపోతుతనం అనిపించుకోదు.

ఆ పిల్లకి ఒక్కదానికీ పుల్కాలు చేసి, మిగతావాళ్లు బిర్యానీ తినే పద్ధతి ఉంటే ఈరోజే మానేయండి. ఇంటిల్లిపాదికీ ఒకటే వంట. అన్నం కాస్త తగ్గించి పప్పు, కూర, గుడ్డు, పెరుగు పెంచితే మీ అందరికీ మంచిదే. ఇంట్లో వెయింగ్ మిషన్ ఉంటే తీసి అటక మీద పెట్టండి.

ఇంకో మాట. పెళ్లికొడుకుల నడుము చుట్టుకొలత ఎవరైనా అడిగారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 36.3 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు, మగవాళ్లలో 31.1 శాతం. తెలంగాణలో ఆడవాళ్లు 30.1, మగవాళ్లు 32.3, అంటే అక్కడ మగవాళ్లే ఎక్కువ. మన మగపిల్లలకి పొట్ట వస్తే ‘సెటిలయ్యాడు’ అంటాం, ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి చూపులు ఆగిపోతాయి. ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం.

ఆ ఫొటో తీసేయండి. పాతదో, ఫిల్టర్ వేసిందో, ఏదైనా సరే, దాన్ని పంపిన ప్రతిసారీ ‘నువ్వు ఉన్నట్టుగా ఉంటే చాలవు’ అని అమ్మాయికి మనమే చెప్పినట్టు. ఇప్పటి ఫొటో, నిలువెత్తుది, తనకి నచ్చిన బట్టల్లో తను ఎంచుకున్నది పెట్టండి. కాదనేవాళ్లు ఫొటో దగ్గరే కాదంటారు, మీ హాల్లో కూర్చుని కాఫీ తాగి వెళ్లాక కాదు. అసలు కొన్ని నెలలు సంబంధాలు చూడటమే ఆపండి, ఆపామని అమ్మాయికి చెప్పండి. ‘కాస్త తగ్గితే చేసుకుంటాం’ అనేవాళ్లకి తలూపొద్దు, ఆ మాట పెళ్లితో ఆగదు. 2024 నవంబర్‌లో కేరళ హైకోర్టు ముందుకి ఇలాంటి కేసే వచ్చింది. కోడలి ఒంటి తీరుని ఎగతాళి చేసిందన్న ఆరోపణ ఉన్న తోడికోడలు తన మీది కేసు కొట్టేయమని అడిగితే, అలాంటి ఎగతాళి క్రూరత్వం కిందికి వస్తుందని చెప్పి కోర్టు ఒప్పుకోలేదు. ఇదివరకు దీన్ని సరదా అనేవాళ్లు.

మీ వదినగారో, తోడికోడలో ఏ ఫంక్షన్‌లోనో ‘ఇంకా తగ్గలేదేంటే’ అంటే, అమ్మాయి నోరు తెరిచేలోపు మీరే అనండి: ‘మా పిల్ల ఒంటి గురించి ఎవరూ మాట్లాడొద్దు వదినా, నాకు నచ్చదు.’ నవ్వుతూ అనక్కర్లేదు. నా దగ్గరికి వచ్చే ఆడపిల్లల్లో చాలామందికి బయటివాళ్ల మాట కంటే, ఆ మాట అన్నప్పుడు పక్కనే ఉండి అమ్మ ఊరుకోవడం ఎక్కువ గుర్తుంటుంది. మీ ఉత్తరంలో మీవారి ప్రస్తావనే లేదు, ఆయనకీ ఈ సంగతంతా చెప్పండి. ఆ పిల్ల ఎదుట నాన్న కూడా ఒకసారి ‘నువ్వు బాగానే ఉన్నావు’ అంటే దానికి చాలా విలువ ఉంటుంది.

పాలు, పచ్చిగుడ్డు సంగతి మీ అమ్మాయికి ఎప్పుడైనా చెప్పారా? ‘మేం మాట వినేవాళ్లం’ అని కాకుండా, ఆ గ్లాసు చూస్తే మీకు ఎలా ఉండేదో, అమ్మ మీద ఎంత కోపం వచ్చేదో, అత్తగారి మాట ఎన్నేళ్లు గుర్తుందో చెప్పండి. చెప్పాక సలహా ఏమీ ఇవ్వొద్దు, కాసేపు ఊరికే కూర్చోండి. డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాక నాకు మళ్లీ రాయండి, ఈసారి బరువు ఎంతో రాయక్కర్లేదు.