స్లయిడ్ మీద తొందర వద్దు

స్వాతీ,

నలుగురు తోసే క్వాడ్ పడవ వదిలి ఒక్కరే తోసే సింగిల్ స్కల్ ఎక్కబోతున్నావనీ, హుస్సేన్ సాగర్‌లో కొత్త కోచ్ దగ్గర చేరుతున్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. గర్వంగా ఉంది తల్లీ. ఆసియా క్రీడల రోయింగ్‌లో మన దేశానికి తొలి స్వర్ణం సింగిల్ స్కల్‌లోనే వచ్చింది, 2010లో గ్వాంగ్‌జౌలో, బజరంగ్ లాల్ తాఖర్ చేతుల మీదుగా. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు మన రోయర్లలో వెళ్లినవాడు బల్‌రాజ్ పన్వార్ ఒక్కడే, అదీ సింగిల్‌లోనే. ఆ పడవలో మన ఇంటి పిల్ల కూర్చుంటోంది. దానితోపాటే బెంగ కూడా పట్టుకుంది. క్వాడ్‌లో ఒకరి తప్పు నలుగురిలో కలిసిపోతుంది. సింగిల్‌లో కోచ్ నోట వచ్చే ప్రతి మాటా నీ ఒక్కదానికే తగులుతుంది. ఎవరైనా ఒక మాట అంటే రాత్రంతా దాన్నే తలుచుకుంటూ పడుకునే పిల్లవి నువ్వు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. తెడ్ల పిడులు ఒకదాన్నొకటి దాటేచోట ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి దాని కింద, కొంచెం ఒంటివైపు. బొటనవేళ్లు పిడి చివర ఆనాలి, మణికట్టు వంగకూడదు, బ్లేడ్ (తెడ్డు రెక్క) తిప్పేది వేళ్లతో. డ్రైవ్‌లో, అంటే లాగేటప్పుడు, కాళ్లు, నడుం, చేతులు. మళ్లీ ముందుకు జారేటప్పుడు చేతులు, నడుం, చివరికి కాళ్లు. పొద్దున్నే, గాలి లేవకముందే నీళ్లలో ఉండు.

కోచ్ తప్పు చూపించేలోగా పడవ అమరిక ఒకసారి చూసుకో. చేతులు దాటేచోట వేళ్లు గీసుకుపోతుంటే అది నీ చేతకానితనం కాకపోవచ్చు. నీ ఎడమ చేతివైపు తెడ్డును పట్టి ఉంచే గేటు రెండోదానికన్నా సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఎత్తులో ఉందో లేదో కొలువు. బ్లేడ్ ఊరికే లోతుకు దిగిపోతున్నా, మధ్యలో నీళ్లు వదిలేసి పైకి తేలిపోతున్నా పిచ్ (నీళ్లలో బ్లేడ్ వాలు కోణం) కొలిపించు. మామూలుగా నాలుగు డిగ్రీలు ఉంచుతారు. ఫుట్ స్ట్రెచర్ (పాదాలు ఆనించే పలక) ఎక్కడ బిగించాలో ఫినిష్‌లో, అంటే లాగడం ముగిసేచోట, తెలుస్తుంది. బొటనవేళ్లు కింది పక్కటెముకలను తాకీ తాకకుండా ఉండి, రెండు పిడుల మధ్య ఒక పిడికిలి పట్టాలి. అమరిక తప్పుగా ఉన్న పడవలో టెక్నిక్ దిద్దుకోబోతే ఆ తప్పుకు సరిపోయే అలవాటే ఒంటికి పడుతుంది.

ఇక అసలు సంగతి. కోచ్ లాంచ్ (మోటారు పడవ)లోంచి "క్యాచ్ లేటు" అని అరుస్తారు, అంటే బ్లేడ్ నీళ్లను అందుకోవడం ఆలస్యమైందని. నువ్వు వెంటనే బ్లేడ్‌ను నీళ్లలోకి కొడతావు. పడవ ఊగుతుంది, నీళ్లు చిమ్ముతాయి, క్యాచ్ మాత్రం అక్కడే ఉంటుంది. ఎందుకంటే ఆ తప్పు క్యాచ్‌లో పుట్టింది కాదు, అంతకుముందు అర సెకనులో స్లయిడ్ (సీటు జారే పట్టాలు) మీద పుట్టింది. సింగిల్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు నూటికి తొంభైమంది చేసేది ఇదే: స్లయిడ్ మీద పరుగు. సత్తువ ఉన్న పిల్లలకు ఇది ఇంకా ఎక్కువ, అందుకే నీ గురించి నా భయం.

ఇది ఎందుకంత చేటో అర్థం చేసుకో. సింగిల్ కనీస బరువు 14 కిలోలు. నువ్వు దానికి నాలుగింతలు. అంటే నువ్వు కదిలితే పడవ కదులుతుంది. స్ట్రోక్ అయ్యాక సీటు మీద ముందుకు జారుతున్నప్పుడు నీ పాదాలు పడవను నీ కిందికి లాక్కుంటాయి. అందుకే పడవ అత్యంత వేగంగా ఉండేది నువ్వు లాగుతున్నప్పుడు కాదు, ఆ జారే సమయంలో. స్లయిడ్ చివర నీ ఒళ్లు ఆగాలి కదా? ఆగడానికి స్ట్రెచర్‌ను తన్నాలి. ఆ తన్ను పడవను వెనక్కి నెడుతుంది. ఎంత వేగంగా వస్తే అంత గట్టిగా తన్నాలి, పడవ అంతగా ఆగిపోతుంది. బ్లేడ్ అప్పటికే నీళ్లలో పట్టు దొరకబుచ్చుకుని ఉంటే నష్టం కొద్దిగానే. బ్లేడ్ ఇంకా గాలిలో ఉండగా కాళ్లు తన్నాయా, ఆ బలమంతా పడవను వెనక్కి పంపడానికే ఖర్చవుతుంది. అలా రెండు వేల మీటర్లలో రెండు వందలకు పైగా స్ట్రోకులు!

తొందర ఎక్కడ మొదలవుతుందో కూడా చూడు. ఫినిష్‌లో చేతులు ఒళ్లో ఆగిపోతాయి. వాటికోసం ఆగకుండా మోకాళ్లు లేస్తాయి. నడుం ఇంకా వెనక్కే వాలి ఉంటుంది. స్లయిడ్ చివరికి వచ్చాక, చాలలేదని గుర్తొచ్చి ఒళ్లు ముందుకు తూలుతుంది. తూలేటప్పుడు చేతులు కిందికి దిగుతాయి, బ్లేడ్ ఆకాశంలోకి లేస్తుంది. అంత ఎత్తునుంచి నీళ్లు అందుకునేసరికి ఆలస్యం. కోచ్‌కు కనిపించేది ఆ చివరి ముక్క, ఆయన అరిచేదీ ఆ ముక్కే. కాబట్టి ఏ మాట వచ్చినా ఒడ్డుకు వచ్చాక అడుగు: "సార్, దీనికి ముందు నేనేం చేస్తున్నాను?" మంచి కోచ్‌కు ఆ ప్రశ్న ఇష్టం. చిరాకు పడినా పరవాలేదు, మళ్లీ అడుగు.

దీనికి మందు ఆగడమే. చేతులు వెళ్లాయి, నడుం తుంటి దగ్గర వంగింది, మోకాళ్లు ఇంకా లేవలేదు. అక్కడ ఒక క్షణం ఆగు. తర్వాత నడుం కోణం ఇక మారకుండా జారు. 18 రేటులో (నిమిషానికి 18 స్ట్రోకులు) పది స్ట్రోకులు ఆగుతూ, పది ఆగకుండా. లాగడానికి ఒక వంతు సమయం పడితే జారడానికి రెండు వంతులు పట్టాలి. పడవ కింద నీటి బుడగల చప్పుడు విను. ఆ చప్పుడు స్లయిడ్ చివరిదాకా తెగకుండా ఉంటే సరిగా వస్తున్నావు. కోచ్ లాంచ్ పక్కనే ఉన్నప్పుడు మాత్రం బూట్లలోంచి పాదాలు తీసి, వాటి మీద ఆనించి తొయ్యి. పట్టీలతో ఒంటిని ముందుకు లాక్కోవడం కుదరదు కాబట్టి తొందర దానంతటదే తగ్గుతుంది. ఫినిష్‌లో మరీ వెనక్కి వాలితే పాదాలు లేచిపోయి అదీ చెప్పేస్తాయి.

దిద్దుకున్న కొత్తలో అంతా అతిగా, వికృతంగా అనిపిస్తుంది. అలా అనిపించకపోతే బహుశా ఏమీ మారలేదు. అందుకే వీడియో కావాలి. సరిగ్గా పక్కనుంచి, నీతో సమానంగా సాగుతూ తియ్యాలి. ఏటవాలుగా తీస్తే నడుం కోణం అబద్ధం చెబుతుంది. పిడుల ఎత్తు చూడాలంటే పడవ వెనకవైపునుంచి ఇంకొకటి. చూసేముందు నీకేం అనిపించిందో నోట్‌బుక్‌లో రాయి, తర్వాత చూడు. అనిపించినదానికీ కనిపించినదానికీ తేడా నెలనెలా తగ్గుతూ రావాలి.

ఒక పూటకు ఒక్కటే దిద్దుకో. కోచ్ అయిదు చెబితే, "ఇవాళ దేనిమీద ఉండమంటారు?" అని అడిగి, మిగతా నాలుగూ రాసి పక్కన పెట్టు. సాగు చేసే నీళ్లను అయిదు మళ్లకు ఒకేసారి వదిలితే ఏ మడీ తడవదు. 18లో కుదిరాక 22కి, అక్కడ నిలిచాక 26కి వెళ్లు. 26లో చెడితే సిగ్గుపడకుండా 22కి దిగు. పోటీకి ముందు వారంలో ఎవరు చెప్పినా కొత్తది ముట్టుకోవద్దు. ఎర్గ్ (ఒడ్డున ఉండే రోయింగ్ యంత్రం) మీద బాగా వచ్చిందని మురిసిపోవద్దు. అందులో బ్లేడూ లేదు, ఊగే పడవా లేదు.

తిట్టినప్పుడు ఆ గొంతును వదిలెయ్, మాటను తీసుకో. మోటారు చప్పుడు మీదుగా వినిపించాలని గట్టిగా అరుస్తారమ్మా, నీ మీద కోపంతో కాదు. లాంచ్ నీ పడవను వదలకుండా వెంట వస్తోందంటే ఆయనకు నీమీద ఆశ ఉన్నట్టు. ఏడుపొస్తే ఏడువు, కానీ ఆ మాట రాసుకున్నాక.

గూని వేసుకుని క్యాచ్ పట్టొద్దు. వంగిన నడుం మీద బరువు పడితే డిస్కుకు చేటు. గట్టిగా ఊపిరి తీస్తే పక్కటెముక దగ్గర ఒకే చోట పొడిచినట్టు ఉంటే అది కండరం పట్టేయడమని నువ్వే తేల్చుకోకు. రోయర్లకు పక్కటెముకల్లో సన్న చీలికలు రావడం మామూలే, ఓర్చుకుని తోస్తే నెలలు పోతాయి. ఆ రోజే పడవ దిగి కోచ్‌కు చెప్పు, డాక్టరుకు చూపించు.

బోల్తా పడే అభ్యాసం ఇంకా చెయ్యలేదని మీ నాన్న అన్నాడు. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. సింగిల్ తిరగబడుతుంది, అందరికీ తిరగబడుతుంది. బూట్ల పట్టీ ఒక్క లాగుతో ఊడుతోందో లేదో, బూట్ల మడమలను స్ట్రెచర్‌కు కట్టే తాళ్లు గట్టిగా ఉన్నాయో లేదో రోజూ బయల్దేరేముందు లాగి చూడు. బూటు మడమ ఏడు సెంటీమీటర్లకు మించి లేవకూడదు, అప్పుడే పాదం బయటికొస్తుంది. తిరగబడితే పడవను వదలకు. ఒడ్డు ఎంత దగ్గరగా కనిపించినా ఈదుకుంటూ వెళ్లకు. పడవ తేలుతుంది, దాన్ని పట్టుకుని చెయ్యెత్తి లాంచ్‌ను పిలువు. ముందు కొలనులో, ఒంటిమీద బట్టలతో, కోచ్ చూస్తుండగా రెండుమూడు సార్లు పడి మళ్లీ ఎక్కు. అది అయిందని నువ్వే నాకు ఫోన్ చెయ్యి. ఆ తర్వాత 18లో ఒకటి, 26లో ఒకటి వీడియోలు పక్కనుంచి తీయించి పంపు, కూర్చుని చూస్తాను.

పెదనాన్న