విరగదు, అతుక్కుపోతుంది

ప్రశ్న: రేడియో సర్క్యూట్లలో చిప్ మీదే కదిలే మెకానికల్ స్విచ్‌లు, అవే మెమ్స్ స్విచ్‌లు వాడుతున్నారట. ట్రాన్సిస్టర్లు ఉండగా మళ్లీ ఈ కదిలే భాగాలెందుకు? కోట్లసార్లు వంగితే విరిగిపోవా?

జవాబు: విరగడం పెద్ద గొడవ కాదండీ. అసలు తలనొప్పి అతుక్కుపోవడం.

ముందు ఎందుకో చెప్తాను. ట్రాన్సిస్టర్ గానీ పిన్ డయోడ్ (రేడియో స్విచ్‌గా వాడే ఒక రకం డయోడ్) గానీ ఆఫ్‌లో ఉన్నా దాని కెపాసిటెన్స్ (ఛార్జ్ నిలుపుకునే గుణం) గుండా కొంత సిగ్నల్ లీకవుతూనే ఉంటుంది, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ లీకు ఇంకా ఎక్కువ, పైగా బలమైన సిగ్నళ్లు వచ్చాయంటే అవి కలిసి లేనిపోని కొత్త ఫ్రీక్వెన్సీలను పుట్టిస్తాయి. మెమ్స్‌లో ఆఫ్ అంటే మధ్యలో నిజంగానే ఖాళీ. ఆన్ అంటే లోహానికి లోహం తగలడం, అంతే. ఆలోచన కొత్తదేం కాదు, 1979లోనే ఐబీఎంలో కర్ట్ పీటర్సన్ సిలికాన్ మీద ఇలాంటి స్విచ్‌లు చేశాడు.

లోపల ఏం జరుగుతుందంటే, ఒక సన్నటి లోహపు పట్టీ, దాని కింద ఒకట్రెండు మైక్రాన్ల సందు, ఆ అడుగున ఒక ఎలక్ట్రోడ్. దానికి కొన్ని పదుల వోల్టులు ఇస్తే, రుద్దిన బెలూన్ వెంట్రుకల్ని లాగినట్టే పట్టీని కిందికి లాగుతుంది. మొదట నెమ్మదిగా వంగుతుంది, సందులో దాదాపు మూడో వంతు దిగగానే ఇక పట్టీకి స్ప్రింగులా వెనక్కి లాగే బలం చాలక ఠక్కున పడిపోతుంది. అలా పట్టి ఉంచడానికి కరెంటు దాదాపు సున్నా. పిన్ డయోడ్ మాత్రం ఆన్‌లో ఉన్నంతసేపూ మిల్లీ ఆంపియర్లు తాగుతూనే ఉంటుంది.

పట్టీ వంగేది చాలా కొంచెం కాబట్టి లోహం అలిసి పగిలే ప్రమాదం తక్కువ. కానీ కాంటాక్టులు, అంటే ఒకదానికొకటి తగిలే లోహపు ముఖాలు, బంగారంతో చేస్తే, మెత్తటి లోహం కదా, శుభ్రంగా ఉన్న రెండు ముఖాలూ వేడి లేకుండానే అంటుకుపోతాయి, విడదీయాల్సిన స్ప్రింగ్ చూస్తే బలహీనం. సిగ్నల్ పారుతుండగా స్విచ్ మారిస్తే ఇంకా దారుణం, ఒక కాంటాక్టు లోహం కరిగి రెండోదాని మీదికి చేరుతుంది. కాస్త తేమ దూరినా అతుకుడే, అందుకే గాలి చొరకుండా సీల్ చేస్తారు.

చిప్‌లు చేసే అనలాగ్ డివైసెస్ కంపెనీ వాళ్ల ఏడీజీఎం1304 అనే మెమ్స్ స్విచ్ డేటాషీట్‌లో కనీసం 100 కోట్ల సార్లు మారుతుందని ఉంటుంది. వినడానికి భారీగా ఉంది గానీ, సెకనుకు 1,000 సార్లు మారిస్తే 12 రోజులు కూడా రాదు! అందుకే ఎప్పుడో ఒకసారి మారే చోట, అంటే టెస్ట్ పరికరాల్లో పాత రిలేల (విద్యుదయస్కాంతంతో కదిలే స్విచ్‌ల) స్థానంలో, ఇది బాగా నప్పుతుంది. క్షణక్షణం మార్చాల్సిన చోట ట్రాన్సిస్టర్‌నే పెట్టుకోండి. మెమ్స్ పెడితే మాత్రం ముందు సిగ్నల్ ఆపి, తర్వాతే మార్చండి.