పిల్లిగద్దలు చూపించబోయే అల్లుడికి

అల్లుడా నరేశ్,

పిల్లిగద్దల ట్రిప్పుకు నువ్వు పంపిన పోస్టర్ చూసిన. ఫొటో బాగుంది. "అంతరించిపోతున్న అరుదైన గద్దను చూపిస్తాం" అన్న ముక్క మాత్రం తీసెయ్. హారియర్ అంటే మన పిల్లిగద్దనే. అండ్ల పాలిడ్ హారియర్ అనే రకాన్ని, ఏ జీవికి ఎంత ముప్పుందో లెక్కగట్టే ఐయూసీఎన్ వాళ్లు ముప్పుకు చేరువైన పక్షుల్లో పెట్టిన్రు, అంతరించే వాటిల్లో కాదు. హైదరాబాద్ నుంచి వచ్చేటోళ్లల్ల ఒక్కడన్నా అది తెలిసినోడు ఉంటడు. వ్యాన్ దిగకముందే నీ మాట పలచనైతది.

"చూపిస్తాం" అనేది ఇంకా పెద్ద తంటా. పైసలు తీసుకున్నవ్, పొద్దు వాలుతున్నది, పక్షి రాలే. అప్పుడు నోరు ఆగదు. తోక మొదట్ల తెల్లమచ్చ ఉన్న ప్రతి గోధుమరంగు పక్షినీ "అదిగో పాలిడ్" అనబుద్దైతది. ఆ మాట మీద వాళ్లు లిస్టులో రాసుకుంటరు, అది లెక్కల్లకెక్కుతది. మగది సులువే: పాలిడ్ ఐతే ఒళ్లంతా తెలుపు కలిసిన బూడిద రంగు, రెక్క కొసన సన్నటి నల్లచీలిక. దాన్ని పోలిన ఇంకో రకం పిల్లిగద్ద మాంటేగు, దాని మగది ఇంకొంచెం ముదురు, రెక్క మీద అడ్డంగ నల్లగీత ఉంటది. ఆడవీ పిల్లలే ఇబ్బంది పెడతయ్. పాలిడ్‌కు మెడ చుట్టూ పాలిపోయిన పట్టీ, దాని వెనక ముదురు మెడ. ఎండ ఎదురుగున్నప్పుడు అది కనపడదు. కనపడకపోతే "రెండిట్ల ఏదో ఒకటి" అని చెప్పు. సిగ్గేం లేదు.

ఇంకోటి. కోయిల్‌సాగర్ నీళ్లొచ్చినంక మన దేవరకద్ర దిక్కు మెట్టచేన్లు చాలా మటుకు వరిమళ్లైనయ్. అక్కడ తిరిగేది ఎక్కువగ మార్ష్ హారియర్, తడినేలల మీద తిరిగే ఇంకో రకం పిల్లిగద్ద. దాన్ని చూపించి మురిపించకు. మిగిలిన గడ్డిబీళ్లను కొంత పత్తి మింగింది, కొంత సోలార్ పలకలు మింగినయ్, కొన్నిచోట్ల మొక్కలు నాటుతమని గుంతలు తవ్విన్రు. కజకిస్తాన్ దిక్కు నుంచి వచ్చే పక్షికి చెట్టుతో పనిలేదు, నేల మీద గడ్డిల పండుకుంటది. వచ్చినోళ్లకు ఈ సంగతి తప్పక చెప్పు, పక్షి కనపడ్డా పడకపోయినా.

ఇగ అసలు పని సాయంత్రం, పక్షులు గడ్డిలకు పండుకోను వచ్చే యాళ్లకు. డిసెంబర్ల ఐదూ ముప్పావుకల్ల పొద్దు గూకుతది. నాలుగు దాటకముందే జనాన్ని కూసోబెట్టు. ఆరుగురికి మించి తేవద్దు. గడ్డికి కనీసం రెండువందల గజాల దూరంల, గాలికి ఎదురుగ కాదు, ఎండ వీపుకు తగిలేటట్టు. బండి బాట దిగొద్దు. పక్షులు నేరుగ గడ్డిలకు దిగవు. ముందు పక్కన దుక్కి దున్నిన చేన్ల పెడ్డల నడుమ ఒక్కొక్కటి వచ్చి కూసుంటయ్, మట్టిల కలిసిపోతయ్. మనోళ్లు "అయిపాయె" అని లేచి ప్యాంట్లు దులుపుకునేది సరిగ్గ అప్పుడే. లేవనియ్యకు. మసక పడ్డంక అవి లేచి, రెక్కలు పైకి విప్పుకుని గడ్డి మీద రెండు మూడు చుట్లు కొట్టి, ఒక్కసారే మడుచుకుని దిగిపోతయ్. మొత్తం ట్రిప్పుల చూడాల్సింది ఆ ముక్కనే. అప్పుడు ఎవడన్నా టార్చి వేసినా, డ్రోన్ లేపినా పక్షులు చీకట్ల లేచిపోతయ్, మళ్లా ఆ చోటికి రాకపోవచ్చు. నక్కలున్న చోటు అది. డ్రోన్ తెచ్చినోని పైసలు వాపసిచ్చి వ్యాన్ల కూసోబెట్టు, మొహమాటపడకు.

తెల్లారి తొమ్మిది దాటినంక, పక్షులన్నీ మేతకు పోయినంక, అదే చోటికి నడిపించుకపో. గడ్డి అణిగిన చోట బొటనవేలంత బూడిదరంగు ఉండలు దొరుకుతయ్, అవి కక్కినవి. ఒకటి కాగితం మీద విప్పు. మిడత కాళ్లు, ఎలుక వెంట్రుకలు, పిచ్చుకంత పిట్ట ఈకలు. పిల్లలైతే కదలరు. ఆ ఉండలు పక్క చేను రైతుకు కూడ చూపియ్. పురుగుమందు డబ్బా కొనేముందు వానికి పనికొస్తది.

ఊర్ల వాటా తప్పకుండ పెట్టు. గడ్డి ఏ మూల మిగిలిందో, ఈ ఏడు పక్షులు ఎటు దిగుతున్నయో గొర్లకాపరికి తెలిసినంత నీకు నాకు తెల్వదు. పోయినప్పుడల్ల చేతికి పైసలియ్యి, చాయ్ తాపి పంపుడు కాదు. గడ్డిల నిప్పు పడితే ముందు ఫోన్ చేసేది వాడే. లొకేషన్ మాత్రం ఎవరి ఫోన్ల పెట్టొద్దని వ్యాన్ల ఎక్కేటప్పుడే చెప్పు, దిగినంక చెప్తే ఆలస్యమైతది.

అమ్రాబాద్ కూడ కలుపుదమన్నవ్. వద్దు. అది టైగర్ రిజర్వ్, మన్ననూర్ల సఫారీ అటవీశాఖదే, మన పెత్తనం నడువదు.

మార్చి ఆఖరుకల్ల పక్షులు వాపసు మళ్లుతయ్, ఏప్రిల్‌కు బుకింగ్ తీసుకోకు. దసరాకు వస్తవు గద, దూరపు పక్షిని చూసే స్కోప్ పట్టుకరా. పక్షులు పండుకునే ఆ గైరాన్, అంటే ఊరి మేతబీడు, దాని పక్క పట్టాదారు ఈ యాసంగి పల్లి ఏస్తడట. ఏస్తే రాత్రి కావలికి కుక్కలు తెస్తడు. నవంబర్ రాకముందే ఇద్దరం పోయి మాట్లాడదం.

మీ మామ