మార్కులు బాగా వస్తున్న ఆటిజం పిల్లాడిని ఐఐటీ కోచింగ్ హాస్టల్‌లో వేయొచ్చా? మా అబ్బాయి అనుభవం

చెల్లెమ్మా, మీ ప్రశ్న చదివాక నిద్ర పట్టలేదు. అబ్బాయి పదో తరగతి, లెక్కల్లో ఎప్పుడూ ఫస్ట్. ఆరో తరగతిలోనే డాక్టర్ ఆటిజం అన్నారు. స్కూల్లో మాత్రం "ఇంత తెలివైన వాడికి ఆటిజం ఏంటమ్మా" అంటున్నారు. మీ ఇంటాయన నెల్లూరు హాస్టల్‌కి ఫీజు మాట్లాడి వచ్చారు. పిల్లాడు రెండు నెలలుగా ఇంట్లో నోరు విప్పడం లేదు. హాస్టల్‌లో వేయాలా వద్దా అని కందుకూరు నుంచి అడిగారు.

వద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. నేను వేశాను కాబట్టి చెప్తున్నాను.

మాది కావలి దగ్గర సముద్రం వైపు ఊరు. రొయ్యల గుంటలు చేస్తాం. మా వాడికి పదిలో వచ్చిన మార్కులు చూసి బంధువులంతా ఒకటే మాట, నెల్లూరులో వేయండి, ర్యాంకు ఖాయం అని. వేశాం. మొదటి వారం టెస్టులో వాడే ఫస్ట్. ఫోన్ చేసి చెబితే మేము స్వీట్లు పంచాం. నాలుగో వారానికి అన్నం మానేశాడు. మెస్‌లో స్టీలు కంచాల చప్పుడు వాడు భరించలేకపోయాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. లెక్చరర్ "ఒక్క నిమిషం ఆగు" అని వెళ్లి పది నిమిషాలకు వస్తే, వాచీ చూసుకుంటూ తలుపు దగ్గరే నిలబడి "పది నిమిషాలైంది సార్" అన్నాడట. పొగరు అని అందరి ముందూ తిట్టారు. ఒకరోజు రాత్రి మంచం కింద దూరి చెవులు మూసుకున్నాడు, బయటికి రాలేదు. అప్పుడు పిలిచారు మమ్మల్ని. ఆ రోజుకి కూడా క్లాసులో ఫస్ట్ ర్యాంకు వాడిదే.

ఇది మీరు బాగా గుర్తు పెట్టుకోవాలి. ఇలాంటి పిల్లల్లో కొందరికి మార్కులు చివరిదాకా పడవు. నిద్ర పోతుంది, తిండి పోతుంది, మాట పోతుంది, మార్కులు మాత్రం నిలబడే ఉండొచ్చు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. పగలంతా అందరిలా ఉండటానికి వాడు పడే కష్టం బయటికి కనబడదు, ఇంటికి వచ్చాక కూలిపోతాడు. మీ వాడు ఇంట్లో మాట్లాడకపోవడం నాకు అలాగే అనిపిస్తోంది. ఆటిజం ఉన్న పిలకాయల్లో ఈ వయసులో ఆందోళన, డిప్రెషన్ మిగతా వాళ్లకంటే ఎక్కువ. ముందు సైకియాట్రిస్టుకి చూపించండి, కాలేజీ సంగతి తర్వాత. చావు మాట ఎత్తితే అదే రోజు తీసుకెళ్లండి. 14416 టెలి మానస్ నంబర్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

మా వాడు ఇంటికొచ్చాక పదకొండు రోజులు మాట్లాడలేదు. మా ఆయన ఏమీ అడక్కుండా తెల్లవారుజామున నాలుగింటికి గుంట మీదకి తోడు తీసుకెళ్లేవాడు. రాత్రంతా నీళ్లలో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లారే ముందే అది బాగా పడిపోతుంది. 3 పీపీఎం కంటే తగ్గితే రొయ్యకి ప్రమాదం. మీటరు పెట్టి చూడాల్సింది ఆ వేళలోనే. పన్నెండో రోజు వాడు గట్టు మీద నిలబడి "మూడో ఏరియేటర్ వేరేగా అరుస్తోంది" అన్నాడు, నీళ్లకి గాలి పట్టించే మిషన్ గురించి. మా ఆయనకీ వినపడలేదు, పనివాడికీ వినపడలేదు. విప్పి చూస్తే గేర్‌బాక్సులో బేరింగ్ అరిగిపోయి ఉంది. ఇంకో రెండు రోజులైతే నడిరాత్రి ఆగిపోయేది.

కంచాల చప్పుడుకు అన్నం మానిపించిన చెవే అది. ఆ పూట నాకు అర్థమైంది, ఈ పిల్లాడిలో బాగుచేయాల్సింది ఒకటి, కాపాడుకోవాల్సింది ఒకటి అని రెండు లేవని. పెట్టిన చోటుని బట్టే అంతా.

టెంపుల్ గ్రాండిన్ అని అమెరికాలో ఒక ప్రొఫెసర్ ఉన్నారు, 1947లో పుట్టారు. మూడేళ్లు దాటినా మాటలు రాలేదు. నేల మీద నీడ పడినా, గొలుసు వేలాడినా పశువు ఎందుకు బెదురుతుందో ఆమె పశువు కళ్లతో చూసి పట్టుకున్నారు. అక్కడి పశువుల దొడ్ల కట్టుబడే మార్చేశారు. ఒంగోలు గిత్తల్ని సాకిన మన పెద్దలు వింటే ఇది వెంటనే ఒప్పుకుంటారు. స్కూల్లో తనని నిలబెట్టింది ఒక సైన్సు మాస్టారని ఆమె ఇప్పటికీ చెబుతుంటారు. ఒక్క మాస్టారు చాలు. కానీ ఆటిజం అంటే ప్రతివాడూ మేధావి అనే ప్రచారం మాత్రం నాకు నచ్చదు. చాలామందికి జీవితాంతం పక్కన మనిషి కావాలి. మా వాడు ఉప్పుశాతం లెక్కలు నోటితో కడతాడు, పదిహేడేళ్లు వచ్చేదాకా బస్సులో టికెట్ అడగలేకపోయాడు. రెండూ నిజమే. మొదటిది చూసి రెండోదానికి సాయం మానేస్తేనే ఇబ్బంది.

తర్వాత వాణ్ని కావలిలోనే చిన్న కాలేజీలో డే స్కాలర్‌గా చేర్చాం. ఎంపీసీ వద్దు, బైపీసీ కావాలన్నాడు. బంధువులు ముఖం మీదే అన్నారు, లెక్కల బుర్రని పాడుచేస్తున్నారని. లెక్చరర్లకి ఒక కాగితం రాసి ఇచ్చాను, ఒకే పేజీ. గోడ పక్క సీటు ఇవ్వండి. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పంపండి. చెప్పిన పని బోర్డు మీద కూడా రాయండి. "కాసేపాగు" అనకండి, టైము చెప్పండి. బాటనీ సార్ మాత్రం దాన్ని పుస్తకంలో పెట్టుకున్నారు. వీడు సందేహం అడిగితే "రెండు గంటల పదికి స్టాఫ్ రూముకి రా" అనేవారు. వీడు సరిగ్గా రెండూ పదికి వెళ్లేవాడు. ఆ రెండేళ్లలో వాడి మీద ఒక్క కంప్లయింట్ రాలేదు.

ఇక కాగితాల సంగతి. సదరం సర్టిఫికెట్, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం, తీసుకోవడానికి సిగ్గుపడకండి, పెళ్లి సంబంధాల మాట ఇప్పుడెందుకు. 1995 నాటి చట్టంలో ఆటిజం లేదు, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థల్లో 5 శాతం సీట్ల కోటా వర్తిస్తుంది. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రాత కష్టమైన వాళ్లకి గంటకు కనీసం 20 నిమిషాలు అదనం అని ఉంది, అంటే మూడు గంటల పరీక్షకి ఇంకో గంట. మా వాడికి ఆ గంట ఎందుకు పనికొచ్చిందంటే, "మీకు తెలిసినది వ్రాయుము" అని ఉంటే ఎంత తెలిసినది రాయాలో తేల్చుకోవడానికే వాడికి సగం టైము పట్టేది.

సదరం పరీక్షలో ఒక చిక్కు ఉంది. మన పిల్లలు డాక్టర్ ముందు అడిగినదానికల్లా చక్కగా జవాబు చెప్తారు. అక్కడ వాడేది ఆటిజం ఎంతుందో కొలిచే ఇసా అనే స్కేలు, 40 అంశాలు ఉంటాయి. చాలా వాటికి జవాబు తల్లిగా మీరే చెప్పాలి. "అంతా బాగానే ఉంటాడండీ" అనే అలవాటు మాట ఆ రోజు రాకూడదు. నేను నెల రోజుల ముందు నుంచే నోట్‌బుక్ రాశాను. ఎన్ని రాత్రులు నిద్రపోలేదు, ఏ చప్పుడుకి లేచి వెళ్లిపోయాడు, స్నానానికి ఎన్నిసార్లు గుర్తు చేశాను, అన్నీ తారీఖులతో. థెరపీకి, సలహాకి నెల్లూరులోనే సీఆర్‌సీ అనే దివ్యాంగుల పునరావాస కేంద్రం ఉంది, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే సికింద్రాబాద్ నీపిడ్ వాళ్ల కింద నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ. మీకు కందుకూరు నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి రావొచ్చు.

మా వాడు ఇప్పుడు ముత్తుకూరు మత్స్య కళాశాలలో మూడో సంవత్సరం. హాస్టల్ కాదు, ఒక గది అద్దెకు తీసుకున్నాం. మొదటి సెమిస్టర్ నేను కూడా వాడితోనే ఉన్నాను. వంట నేర్చుకున్నాడు, మూడే మూడు కూరలు చేస్తాడు, వారమంతా అవే. నాకు అంతకంటే ఏం కావాలి.

మీ ఇంటాయనతో గొడవ పడకండి. ఆయనా మా ఆయనలాగే పిల్లాడి మంచికే చూస్తున్నారు. ఒక్క ఆదివారం ఆ హాస్టల్ మెస్‌కి అన్నం టైములో ఆయన్ని, పిల్లాణ్ని కలిపి తీసుకెళ్లండి. పదిహేను నిమిషాలు కూర్చోండి. పిల్లాడి ముఖం ఆయన్నే చూడనివ్వండి. మాటలు రాకపోతే వాడి చేతికి కాగితం ఇవ్వండి, "ఇక్కడ ఉంటావా" అని కాదు, "ఇక్కడ ఏది కష్టం" అని రాసి ఇవ్వండి. జవాబుకి రెండు రోజులు పట్టినా తొందరపెట్టకండి.

సదరానికి స్లాట్ పెట్టుకున్నాక చెప్పండి, నేను రాసిన నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి పంపుతాను.