ఆ 48 అంకెలు కాగితం మీద రాసుకున్నాకే అప్‌గ్రేడ్ నొక్కు, బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది సగమే వినపడింది, బస్సులో ఉన్నట్టున్నావు. నాకు అర్థమైనంత వరకు, పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పోయి ల్యాప్‌టాప్ తెచ్చుకున్నావు, సీల్ తీయని డబ్బానే గానీ పాత స్టాకు కాబట్టి రేటు తగ్గించి ఇచ్చారు, తెరిచి చూస్తే విండోస్ 10 ఉంది, ఈ రాత్రికే 11కి మార్చేస్తానంటున్నావు. ఈ రాత్రికి వద్దు. ఆదివారం దాకా ఆగు. మార్చొద్దని కాదు, తప్పకుండా మార్చాల్సిందే, కానీ ఆ బటన్ నొక్కడానికి ముందు చేసుకోవాల్సిన పని ఒక పూట ఉంటుంది, అది చేయకుండా నొక్కి నేను మూడు నెలల కష్టం పోగొట్టుకున్నాను. అందుకే ఫోన్‌లో చెప్పకుండా కూర్చుని రాస్తున్నా, పక్కన పెట్టుకుని చూస్తూ చేసుకుంటావని.

ఎందుకు మార్చాలో ముందు చెప్తా. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. అంటే సిస్టమ్ ఆగిపోదు, రోజూ లాగే ఆన్ అవుతుంది, పని చేస్తుంది, అందుకే చాలామంది ఏం కాలేదులే అనుకుంటారు. కానీ కొత్తగా ఏదైనా లోపం బయటపడితే దాన్ని మూసే సెక్యూరిటీ ప్యాచ్ ఇక రాదు. విడిగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు ప్యాచులు ఇచ్చే ఏర్పాటు ఒకటి ఉంది గానీ, అది 11 ఎక్కని పాత సిస్టమ్‌లు ఉన్నవాళ్లకు ఊపిరి పోసే పని, నీకెందుకు? నువ్వు పంపిన స్టిక్కర్ ఫోటో చూశా, 11వ తరం ఇంటెల్ ఐ5. విండోస్ 11కి 8వ తరం నుంచి చాలు. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, ఆన్ అయ్యేటప్పుడు దొంగ ప్రోగ్రాములు దూరకుండా చూసే సెక్యూర్ బూట్, తాళంచెవులు దాచే టీపీఎం 2.0 అనే భాగం కావాలంటారు, నీ దాంట్లో అన్నీ ఉండాలి. అయినా నా మాట మీద పోకు. విండోస్ గుర్తు ఉన్న కీ, ఆర్ కలిపి నొక్కి టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని ఇంగ్లీషులో కొట్టు, వచ్చిన కిటికీలో కింద స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని కనపడాలి. మైక్రోసాఫ్ట్ వాళ్లదే పీసీ హెల్త్ చెక్ అని చిన్న ప్రోగ్రామ్ ఉంది, అది ఒకసారి నడిపితే మిగతావన్నీ అదే చూసి చెప్తుంది.

ఇప్పుడు అసలు సంగతి.

రెండేళ్ల కింద నేనూ ఒక ల్యాప్‌టాప్ కొన్నా, గుర్తుందా, దసరాకి మీ ఇంటికి తెచ్చాను. షాపులో కుర్రాడు మంచివాడే, "అంకుల్, అన్నీ రెడీ చేసి ఇస్తా" అని పది నిమిషాల్లో సెటప్ చేసి ఇచ్చాడు. నేను పిన్ పెట్టుకుని పని మొదలుపెట్టా. ఒక పెద్దాయన ఆత్మకథ కంపోజింగ్ అది, రెండు వందల పేజీల పైనే, ఆయన చేతిరాత చదవడానికే కళ్లు పోయేవి. ఒకరోజు రాత్రి అప్‌డేట్ వచ్చిందంటే సరే అన్నా, దాంతో పాటు బయోస్, అంటే విండోస్ కంటే ముందు లేచి సిస్టమ్‌ను ఆన్ చేసే ప్రోగ్రామ్, అది కూడా అప్‌డేట్ అయింది, రీస్టార్ట్ అయ్యేసరికి నీలం రంగు స్క్రీన్. బిట్‌లాకర్ అంటే డిస్క్‌కు విండోస్ వేసే తాళం, దాని రికవరీ కీ ఇవ్వమంటోంది. 48 అంకెలు. ఆరేసి అంకెలు ఎనిమిది గుంపులు, ఖాళీ గడి మెరుస్తూ ఉంటుంది, పక్కన కీ ఐడీ అని ఏవో అక్షరాలు. నా పిన్ కొట్టాను, పాస్‌వర్డ్ కొట్టాను, అది పట్టించుకుంటుందా? నా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్ నుంచి వెళ్లి చూస్తే అక్కడ ఏ కీ లేదు.

ఎందుకు లేదో తెల్లారి షాపుకి పోయాక తెలిసింది. సెటప్ చేసేటప్పుడు ఆ కుర్రాడు తన దగ్గరున్న ఏదో అకౌంట్‌తో లాగిన్ చేశాడు. ఈ కాలం ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి లాగిన్ అయినప్పుడే డిస్క్ దానంతట అదే తాళం పడిపోతుంది, డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు, ఆ తాళంచెవి లాగిన్ అయిన అకౌంట్‌లోకే పోతుంది. ఆ కుర్రాడు అప్పటికి పని మానేశాడు. ఏ అకౌంట్ వాడాడో ఎవరికీ తెలియదు. ఆ 48 అంకెలు లేకుండా డిస్క్ తెరిచే దారి లేదు, ఉంటే దొంగ కూడా అదే దారిన వస్తాడు కదా. చివరికి ఫార్మాట్ కొట్టాల్సి వచ్చింది. మొదటి ఎనభై పేజీలు ప్రూఫు కోసం ఆ పెద్దాయనకు పీడీఎఫ్‌గా పంపి ఉన్నా కాబట్టి అవి చూసి మళ్లీ కొట్టుకున్నా, మిగతాది మొదటి నుంచి. ఆయన ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇంకా బాధ.

కాబట్టి నువ్వు చేయాల్సిన మొదటి పని, సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి అక్కడ ఎవరి మెయిల్ ఉందో చూడు. నీది కాకపోతే ఇంకే పనీ మొదలుపెట్టకు. ల్యాప్‌టాప్‌లో ఇంకా నీవంటూ ఏమీ లేవు కాబట్టి రీసెట్ కొట్టి నీ అకౌంట్‌తో నువ్వే సెటప్ చేసుకోవడం అన్నిటికంటే శుభ్రమైన పని. నీదే ఉంటే, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీలో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని ఉందేమో చూడు. ఆన్‌లో ఉంటే ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో డివైసెస్‌కి వెళ్లి రికవరీ కీ తెరువు. ఆ అంకెలు కాగితం మీద రాయి, స్క్రీన్‌షాట్ తీసి అదే ల్యాప్‌టాప్‌లో దాచుకోవద్దు, ఇంటి లోపల తాళంచెవి పెట్టి బయట నుంచి తలుపు వేసుకున్నట్టవుతుంది. రాశాక ఎవరైనా పక్కన ఉంటే చదవమని సరిచూసుకో. ఆ కాగితం మీ అమ్మ రేషన్ కార్డు, ఆధార్‌లు పెట్టే కవర్లో పెట్టు. మీ ఇంట్లో ఎప్పుడూ పోనిది అదొక్కటే.

తర్వాత బయోస్. పాత స్టాకు కాబట్టి ఆ బయోస్ కూడా డబ్బాలో నిద్రపోయినదే. ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో నీ సీరియల్ నంబర్ కొడితే కొత్త బయోస్, డ్రైవర్లు కనిపిస్తాయి. 11కి పోకముందే బయోస్ అప్‌డేట్ చేసుకో, కానీ అది చేసేముందు డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, డీక్రిప్షన్, అంటే ఆ తాళం విప్పడం, పూర్తయ్యేదాకా ఆగు. నన్ను ముంచింది ఈ మెట్టే. మొత్తం పని అయ్యాక 11లో మళ్లీ ఆన్ చేసుకో, ల్యాప్‌టాప్ ఎక్కడైనా పోతే నీ ఫైళ్లు ఇంకొకరి చేతిలో పడకుండా ఉండాలంటే అది ఉండాల్సిందే. అయితే ఆఫ్ చేసి ఆన్ చేస్తే కొత్త కీ వస్తుంది, పాత కాగితం చించేసి కొత్తది రాసుకో. కొత్త కాగితం రాయడం మాత్రం మరిచిపోవద్దు బిడ్డా.

ఫార్మాట్ మాట ఎవరు చెప్పినా వినకు. మా కాలంలో ఎక్స్‌పీ నుంచి 7కి పోవాలంటే నేరుగా దారి లేదు, అంతా తుడిచి మళ్లీ వేయాల్సిందే, ఆ అలవాటుతో ఇప్పటికీ చాలామంది "కొత్త ఓఎస్ అంటే ఫార్మాట్ కొట్టాలి" అంటారు. 10 నుంచి 11కి అక్కర్లేదు, ఫైళ్లు, ప్రోగ్రాములు ఎక్కడివక్కడే ఉంటాయి. పైగా మీ పక్క పోర్షన్ అబ్బాయి పెన్‌డ్రైవ్ తెచ్చి వేస్తానన్నాడని చెప్పావు కదా, నీలాంటి 11వ తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అలా పెన్‌డ్రైవ్ నుంచి వేయబోతే ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనపడదు, ఖాళీ జాబితా చూపిస్తుంది. ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ విడిగా ఎక్కిస్తే తప్ప రాదు. అది తెలియక ఎస్‌ఎస్‌డీ, అంటే లోపలి డిస్క్, పోయిందనుకుని మార్పించినవాళ్లను చూశా. అబ్బాయికి థాంక్స్ చెప్పి పంపెయ్.

దీనికి డబ్బు కూడా ఎవరికీ కట్టక్కర్లేదు. డబ్బాతో వచ్చిన అసలు విండోస్ 10 నుంచి 11కి మారడం ఉచితం, హోమ్ ఉంటే హోమే వస్తుంది. ఎవరైనా వెయ్యి రూపాయలకు ప్రో వేసిస్తా అంటే అది చాలావరకు క్రాక్, అంటే దొంగ కాపీ, అయి ఉంటుంది, ఆ క్రాకులతో పాటు ఏమేం దూరుతాయో మనకు తెలియదు. ట్రయల్‌గా వచ్చిన యాంటీవైరస్ ఉంటే మాత్రం ముందే తీసెయ్, అప్‌గ్రేడ్ మధ్యలో అది చాలాసార్లు అడ్డం పడుతుంది. విండోస్‌తో వచ్చే డిఫెండర్ నీకు చాలు.

ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక మొదలుపెట్టు. సాయంత్రం వద్దు, ఈ వానలకు మీ నాగోల్ వైపు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. బ్యాటరీ నిండా ఉండాలి, ఛార్జర్ కూడా పెట్టే ఉంచు. డిస్క్‌లో 40 జీబీ అయినా ఖాళీ చూసుకో. డౌన్‌లోడ్ తేలిగ్గా 5 జీబీ దాకా ఉంటుంది కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ మీద కూర్చోకు, మీ మేనత్త ఇంట్లో వైఫై ఉంది, అక్కడికి పో, పిల్లలతో ఆడుకున్నట్టూ ఉంటుంది. విండోస్ అప్‌డేట్ తెరిస్తే విండోస్ 11 సిద్ధంగా ఉందని చూపించొచ్చు, చూపించకపోతే మైక్రోసాఫ్ట్ సైటులో ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్ ఉంటుంది, దాన్ని నడుపు. ఇంకెక్కడి నుంచీ దించుకోవద్దు.

ఒక దశలో స్క్రీన్ నల్లగా అయిపోయి, శాతం అంకె ఒక్కచోటే చాలాసేపు ఆగిపోతుంది. ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, డిస్క్ లైట్ ఉంటే అది ఆగి ఆగి మెరుస్తుంది. అప్పుడే అందరికీ టెన్షన్ వచ్చి పవర్ బటన్ ఒత్తేస్తారు. ఒత్తొద్దు. మూత కూడా వేయొద్దు. రెండు మూడు సార్లు దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది, నువ్వు లేచి అన్నం తినిరా.

అయ్యాక పది రోజులు లెక్క పెట్టుకో. ఈ పది రోజుల్లో నచ్చకపోయినా, ఏదైనా పని చేయకపోయినా సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ నొక్కి 10కి తిరిగి రావచ్చు. పదకొండో రోజు నుంచి ఆ దారి మూసుకుపోతుంది, పాత విండోస్ దాచిన ఫోల్డర్‌ను అదే తుడిచేస్తుంది. అందుకని డిస్క్ నిండిందని క్లీనప్ కొట్టి నీ చేత్తో నువ్వే దాన్ని తీసేయకు. ఈ పది రోజుల్లోనే వైఫై, వేలిముద్ర, మైకు, కెమెరా, ప్రింటర్, అన్నీ ఒక్కొక్కటి వాడి చూడు, ఇంటర్వ్యూ రోజు పొద్దున మైకు పని చేయడం లేదని తెలుసుకోవడం కంటే ఇప్పుడే తెలిస్తే మంచిది. స్టార్ట్ బటన్ మధ్యలోకి పోయిందని చిరాకు పడకు, పర్సనలైజేషన్‌లో టాస్క్‌బార్‌కి పోతే ఎడమ పక్కకు జరుపుకోవచ్చు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్‌లోకి పెట్టనా అని అడిగితే ఆలోచించి చెప్పు, ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే, మీ నాన్న ఫైళ్లకు ఒక్కరోజులో నిండిపోతుంది.

మీ నాన్న అన్నా కదా, ఆయన సంగతే చివరకు మిగిలింది. ఛత్తా బజార్ షాపులో పెళ్లి కార్డులు ఇప్పటికీ అను ఫాంట్లతోనే చేస్తున్నాడు, ఆ ఫైళ్లు నీ ల్యాప్‌టాప్‌లోకి మార్చుకుంటానన్నాడట. అవి ఏ సిస్టమ్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్ కాదు బిడ్డా. ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో తెరిస్తే "శ్రీరస్తు" ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి, ఫైలు పాడైందని ఆయన పరేషాన్ అవుతాడు. ఫాంట్లు, ఆ కీబోర్డు ప్రోగ్రామ్ 11లో ఎక్కి సరిగ్గా టైప్ అవుతున్నాయో లేదో ఆ పది రోజుల్లోపే ఒక పాత కార్డు తెరిచి ఆయన్నే కూర్చోబెట్టి చూపించు, ఒత్తులు ముఖ్యంగా చూడమను. విండోస్ 11లో 32 బిట్ రకం అంటూ లేదు, 32 బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి గానీ 16 బిట్‌వి నడవవు, ఆయన దగ్గర మరీ పాత కాలపువి ఏమేం ఉన్నాయో నాకూ నీకూ తెలియదు. అందుకే షాపులో ఉన్న ఆ పాత డెస్క్‌టాప్ అమ్మొద్దని గట్టిగా చెప్పు, నెట్ తీసేసి కార్డుల పనికి అలాగే ఉంచుకోమను. నీకు తెలుగులో కొట్టుకోవడానికి అవేవీ అక్కర్లేదు, లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు కలిపి ఫొనెటిక్ కీబోర్డు ఎంచుకో, విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

శనివారం రాత్రి కాగితం రాయడం అయ్యాక నాకు ఫోన్ చెయ్. అంకెలు నాకు చెప్పొద్దు, రాశానని చెప్తే చాలు.

నీ పెద్దనాన్న